అవతలివారికి అందే మాట

అద్దం ముందు నిలబడి, గొంతు బయటికి రానివ్వకుండా, పెదవులు మాత్రం కదుపుతూ మూడు మాటలు అని చూడండి: పాట, బాట, మాట. మూడింటికీ పెదవులు ఒకేలా కలుస్తాయి, ఒకేలా విడతాయి. పుట్టుకతోనే చెవులు వినపడని పిల్లకు మన మాటల్లో కనిపించేది ఇంతే. అలాంటి పిల్ల నోట ఈ మూడింటినీ వేరువేరుగా పలికించాలి. ఆ పలుకు ఇంట్లో అమ్మకు తెలిస్తే సరిపోదు. ఆ పిల్లను ముందెన్నడూ చూడని కిరాణా కొట్టు మనిషికి కూడా ఏది పాటో ఏది బాటో తెలియాలి.

ఈ పని చేసేవాళ్లను స్పీచ్ థెరపిస్టులంటాం. 'పిల్లలకు మాటలు నేర్పిస్తారు' అని వాళ్ల పనిని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. కాసేపు పక్కన కూర్చుని గమనిస్తే తెలుస్తుంది, ఆ ఒక్క ముక్క వెనక ఎంత సూక్ష్మమైన పనితనం ఉందో.

వాళ్ల గురి అందమైన ఉచ్చారణ మీద ఉండదు. రేడియోలో వార్తలు చదివేవాళ్లలా పలికించాలని వాళ్లు చూడరు. ఒక మనిషి వంద మాటలంటే, వినేవాళ్లకు అందులో ఎన్ని అందాయి? వాళ్లకు కావలసిన లెక్క అదొక్కటే. అక్షరం కాస్త వంకరపోయినా, గొంతు కాస్త కీచుగా ఉన్నా, మాట అందితే పని అయినట్టే. అందుకే ఇది తప్పులన్నీ దిద్దే పని కాదు. ఉన్న తప్పుల్లో ఏది దిద్దితే ఎక్కువ మాట అవతలికి చేరుతుందో పసిగట్టే పని. ఈ విద్యలో గొప్పతనమంతా ఆ ఎంపికలోనే ఉందని నాకనిపిస్తుంది.

ముందు చెవి, తర్వాతే నోరు

మాట్లాడటం నోటి పని అని మనం అనుకుంటాం. మంచి థెరపిస్టు మొదట చెవి సంగతి చూస్తారు. వినికిడి యంత్రం పెట్టుకున్న పిల్లయినా, లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయిన పిల్లయినా, బొమ్మలు బయటికి తీయకముందే ఒక చిన్న పరీక్ష ఉంటుంది. మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. ఈ ఆరు ధ్వనులూ పిల్లకు వినపడుతున్నాయా లేదా అన్నదే పరీక్ష. కెనడాలో పనిచేసిన డేనియల్ లింగ్ పేరు మీద దీన్ని లింగ్ పరీక్ష అంటారు. వినికిడి లోపం ఉన్న పిల్లలకు మాట నేర్పడం గురించి 1976లో ఆయన రాసిన పుస్తకం ఈ వృత్తివాళ్లకు ఇప్పటికీ పెద్ద దిక్కు.

పరీక్ష చిన్నదే కానీ దాని అమరిక చూడాలి. థెరపిస్టు పిల్లకు పక్కగా, కాస్త వెనగ్గా కూర్చుంటారు, పెదవులు కనపడకుండా. ధ్వని వినపడినప్పుడల్లా పిల్ల ఒక ప్లాస్టిక్ రింగు తీసి బొమ్మ స్తంభానికి తొడగాలి. పెదవులు కనపడకూడదంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే పోలేదా? పోదు. 'స్' లాంటి సన్నటి ధ్వని చేతికి తగిలి పలచబడిపోతుంది, పరీక్షే తప్పుతుంది. ధ్వనికీ ధ్వనికీ మధ్య విరామం కూడా ఒకే తీరుగా ఉంచరు. ఉంచితే పిల్లలు గడుసువాళ్లు, వినకుండానే లెక్క కట్టి రింగు తొడిగేస్తారు.

ఆ ఆరు ధ్వనులే ఎందుకంటే, మన మాటల్లో వచ్చే కింది స్థాయి పౌనఃపున్యాల నుంచి పై స్థాయి దాకా వాటిలో అన్నీ ఉన్నాయి. 'మ్' అడుగున ఉంటుంది. 'స్' బలమంతా 4,000 హెర్ట్జ్ పైమాటే. వీటి మధ్య ఊ, ఈ అనే జత ఉంది చూడండి, అసలు కిటుకు అక్కడుంది. ప్రతి అచ్చులోనూ బలంగా మోగే పట్టీలు కొన్ని ఉంటాయి. ఊకైనా ఈకైనా మొదటి పట్టీ సుమారు 300 హెర్ట్జ్ దగ్గరే. తేడా రెండో పట్టీలో వస్తుంది. ఊకు అది 1,000 లోపే ఉంటుంది, ఈకు 2,000 దాటిపోతుంది. కాబట్టి 1,000 హెర్ట్జ్ దాకా మాత్రమే వినపడే పిల్లకు ఈ రెండచ్చులూ ఇంచుమించు ఒకటే. ఆ పిల్ల 'ఈగ'ను 'ఊగ' అంటే తప్పు నాలుకది కాదు. ఆ తేడా చెవిదాకా చేరనే లేదు.

ఇది తెలియనివాళ్లు పిల్లను అద్దం ముందు కూర్చోబెట్టి నెలల తరబడి 'ఈ... ఈ...' అని సాధిస్తారు. తెలిసినవాళ్లు యంత్రం చేతిలోకి తీసుకుంటారు. బ్యాటరీ అయిపోవచ్చిందా, గొట్టంలో చెమట చేరిందా, ఇయర్ మోల్డ్ వదులైందా అని చూస్తారు. అన్నీ బాగుంటే పిల్లను వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టు దగ్గరికి పంపి, పై స్థాయి ధ్వనులు అందేలా సెట్టింగు మార్పిస్తారు. నోటి మీద చెయ్యి వేయకుండానే సగం తప్పులు పోయే సందర్భాలున్నాయి. పని మొదలుపెట్టే ముందు, అసలు పని ఎక్కడుందో చూసుకోవడం మొదటి పనితనం.

వర్ణమాల తిరగేసి

మన వర్ణమాల వరుసలో నోటి పటం దాగుంది. క వర్గం గొంతు దగ్గర మొదలవుతుంది. చ వర్గం అంగిలి మీద, ట వర్గం నాలుక వెనక్కి మడిస్తే, త వర్గం పళ్ల వెనక, ప వర్గం పెదవుల మీద. లోపలినుంచి బయటికి, మెట్టు మెట్టుగా. నోటి స్థానాలను రాతలో చూపించాలని టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్ తండ్రి అలెగ్జాండర్ మెల్విల్ బెల్ ఎంతో శ్రమపడి ఒక లిపినే తయారుచేసి 1867లో ప్రకటించారు. అందులో ప్రతి గుర్తూ నాలుక ఎక్కడుందో, పెదవులు ఎలా ఉన్నాయో తెలిపే బొమ్మ. కొడుకు దాన్ని బోస్టన్ తీసుకెళ్లి బధిర విద్యార్థులకు మాట నేర్పడానికి వాడారు. మనకు ఆ బొమ్మ అక్షరం ఆకారంలో లేదు కానీ, అక్షరాల వరుసలో ఉంది.

థెరపిస్టు ఆ వరుసను తిరగేసి చదువుతారు. ముందు ప వర్గం, చివరికి క వర్గం. కనపడేది ముందు, కనపడనిది వెనక. చెవులు బాగా వినపడే పసిపిల్లలు కూడా 'మామ', 'పాప', 'బాబ' అంటూ పెదవుల దగ్గరే మొదలుపెడతారు కదా.

అయితే మొదటి మెట్టు మీదే పాట, బాట, మాట అనే చిక్కు ఎదురవుతుంది. పెదవులు మూడింటికీ ఒకటే కాబట్టి తేడాను పెదవుల్లో వెతికి లాభం లేదు. 'ప'కు ఆనవాలు బయటికి వచ్చే గాలి. 'బ'కు గొంతులో అదురు. 'మ'కు ముక్కులో మోత. ఒకటి అరచేతికి తెలుస్తుంది, ఒకటి గొంతు మీద పెట్టిన వేళ్లకు తెలుస్తుంది, ఒకటి ముక్కు పక్కన పెట్టిన వేలికి తెలుస్తుంది. చెవి చేయలేని పనిని చర్మానికి అప్పజెప్పడం అన్నమాట.

'ప' కోసం పెదవుల ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుంటారు. ఇంగ్లిషు పుస్తకాల్లో కాగితం ఎగరాలని ఉంటుంది, ఎందుకంటే ఇంగ్లిషులో మాట మొదట వచ్చే 'పి' గాలి ఎక్కువున్న ధ్వని. తెలుగు 'ప'కు అంత గాలి లేదు. కాగితం ఎగిరేలా ఊదడం నేర్పితే పిల్ల నోట 'పాట' కాస్తా 'ఫాట' అవుతుంది. అందుకని తెలుగు తెలిసిన థెరపిస్టు కాగితాన్ని ఎగరనివ్వరు. అంచు మాత్రం వణికితే చాలు. పుస్తకంలోని కిటుకును మన భాషకు తగ్గట్టు తూచుకోవడం ఇక్కడ కనిపిస్తుంది.

'బ' ఇంకా నాజూకు. దీనికి పెదవులు విడవకముందే గొంతు మోగడం మొదలవ్వాలి. 'ప'కు పెదవులు విడిచాకే గొంతు మోగాలి. ఈ ముందువెనకల తేడా సెకనులో పదో వంతుకు అటూఇటూగా ఉంటుంది. ఆ కాస్త కాలాన్ని వినలేని పిల్లకు చేతి వేళ్లతో అందించాలి. పిల్ల ఒక చెయ్యి థెరపిస్టు గొంతు మీద, ఇంకో చెయ్యి తన గొంతు మీద పెట్టుకుంటుంది. రెండు చేతులకూ ఒకే అదురు తెలిసేదాకా సాగుతుంది ఆట. నోరు మూసి గొంతు మోగించమంటే ఇక్కడో కొత్త ఇబ్బంది వస్తుంది. లోపలి గాలికి దారి దొరక్క ముక్కులోంచి పోతుంది, 'బాట' కాస్తా 'మాట' అవుతుంది. అప్పుడు ఒక చిన్న అద్దం ముక్క ముక్కు కింద పెడతారు. 'మాట' అంటే అద్దం మీద ఆవిరి పడాలి, 'బాట' అంటే పడకూడదు. పడిందంటే అంగిలి వెనక ఉన్న మెత్తటి భాగం పైకి లేచి ముక్కు దారిని మూయలేదని అర్థం.

"ముక్కుకు సెలవిద్దాం బంగారం, మళ్లీ చెప్పు" అంటారు థెరపిస్టు. పిల్ల అద్దం వైపు చూస్తూ 'బాట' అంటుంది. ఆవిరి లేదు. చెవితో పోల్చుకోలేని తేడాను కళ్లతో తనే చూసుకుంది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే అద్దం లాక్కుని తనే పరీక్షించుకోవడం మొదలుపెడుతుంది. ఆ క్షణం నుంచి దిద్దేది టీచరు కాదు, పిల్లే.

చెక్కపుల్ల తీసే వేళ

'క' కథ వేరు. అది నోట్లో ఎక్కడో వెనక పుడుతుంది, కంటికి కనపడదు. చాలామంది పిల్లల నోట దాని చోట 'త' వస్తుంది. కాకి 'తాతి' అవుతుంది. 'నాలుక వెనక భాగం పైకెత్తు' అని చెబితే పెద్దవాళ్లకే అర్థం కాదు, నాలుగేళ్ల పిల్లకేం అర్థమవుతుంది?

అందుకని థెరపిస్టు అసలు 'క' అనమనరు. శుభ్రమైన చెక్కపుల్లతో నాలుక కొసను కింది పళ్ల వెనక మెల్లగా అదిమి పట్టుకుని, 'తా' అనమంటారు. అది పిల్లకు వచ్చిన ధ్వనే కాబట్టి ధైర్యంగా ప్రయత్నిస్తుంది. కొస లేవడానికి దారి లేదు. దాంతో నాలుక వెనక భాగం లేచి అంగిలిని తాకుతుంది. నోట 'కా' వస్తుంది. పిల్ల తాను 'తా' అన్నాననే అనుకుంటూ ఉంటుంది. రాని ధ్వనిని వచ్చిన ధ్వనిలోంచే బయటికి లాగడం ఇది. దీనికి ఒప్పుకోని పిల్లలుంటే వెల్లకిలా పడుకోబెట్టి ఆడిస్తారు, నాలుక తన బరువుకే వెనక్కి జారుతుంది. నీళ్లు పుక్కిలించే ఆటతో గొంతు దగ్గర స్పర్శను గుర్తు చేస్తారు.

పుల్ల పెట్టడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎప్పుడు తీయాలన్నదే అసలు విద్య. తొందరపడి తీస్తే 'తా' తిరిగొస్తుంది. ఆలస్యం చేస్తే పుల్ల ఉంటేగానీ 'కా' రాని అలవాటు పడుతుంది. అందుకే పుల్ల స్థానంలో పిల్ల సొంత వేలు పెట్టిస్తారు, ఆ తర్వాత వేలు నోటి దాకా తెచ్చి ఆపిస్తారు, చివరికి వేలు చూపిస్తే చాలన్నంతకు తెస్తారు. సాయం తగ్గేకొద్దీ పిల్ల పట్టు పెరుగుతుంది.

తర్వాత మాటల ఎంపిక. మొదటి మాటగా 'కూ' అనే రైలు కూత పెడతారు. ఊ పలికేటప్పుడు నాలుక ఎటూ వెనకే ఉంటుంది కాబట్టి 'కూ'లో 'క' సులువు. 'కి'లో నాలుక ముందుకు జరుగుతుంది, 'తి'లోకి జారిపోయే ప్రమాదం ఉంది, అందుకే అది తర్వాత. 'కోతి' బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా దాన్ని పక్కన పెడతారు. వెనకే ఉన్న 'త' నాలుకను ముందుకు లాగేస్తుంది. బయటినుంచి చూసేవాళ్లకు థెరపిస్టు ఏవో బొమ్మలు చూపిస్తూ ఆడిస్తున్నట్టే ఉంటుంది. ఆ బొమ్మల వరుసలో ఒక్కటీ యాదృచ్ఛికం కాదు.

ఈ పనిలో ఇంకో నిగ్రహం ఉంది. నోరు పెద్దగా తెరిచి, ముఖం సాగదీసి నేర్పరు. వినపడని పిల్లకు బాగా కనపడాలని ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ అలా చేస్తారు. సాగదీసి నేర్పితే పిల్ల సాగదీసే నేర్చుకుంటుంది. తర్వాత ఆ సాగు పోగొట్టడానికి మళ్లీ కొన్నాళ్లు పడుతుంది.

నిశ్శబ్దం కూడా పలకాలి

ధ్వనులన్నీ వచ్చాయి. విడివిడిగా అడిగితే పిల్ల ప్రతి అక్షరం చెబుతుంది. అయినా వాక్యం చెబితే ఎవరికీ అర్థం కాదు. ఎందుకు?

1942లో అమెరికాలో హడ్గిన్స్, నంబర్స్ అనే ఇద్దరు 192 మంది బధిర విద్యార్థులు చెప్పిన వాక్యాలను పరిశీలించారు. అచ్చుల్లో తప్పులు, హల్లుల్లో తప్పులు, లయలో తప్పులు వేరువేరుగా లెక్కించారు. లయ సరిగ్గా కుదిరిన వాక్యాలు, లయ తప్పిన వాక్యాల కన్నా ఎంతో ఎక్కువగా వినేవాళ్లకు అందాయని తేలింది. అక్షరాన్ని పట్టుకుని వేలాడేవాళ్లకు ఆ ఫలితం పెద్ద పాఠం.

తెలుగుకు ఈ పాఠం మరీ అవసరం. మన భాషలో కాలమే అర్థం. పడు వేరు, పాడు వేరు. గడి వేరు, గడ్డి వేరు. 'గడ్డి'లో ఒత్తు దగ్గర ఏం జరుగుతుందో చూడండి. నాలుక అంగిలిని తాకి, విడవకుండా కాసేపు అక్కడే నిలుస్తుంది. ఒంటి 'డ'కు పట్టే కాలం కన్నా బాగా ఎక్కువ నిలుస్తుంది. 'చెట్టు'లోనైతే ఆ నిలిచిన కాలమంతా నిశ్శబ్దమే. వినపడేవాళ్లు ఆ నిశ్శబ్దాన్ని కూడా వింటారు. వినపడని పిల్లకు అక్కడ ఏమీ లేదు. దాంతో 'చెట్టు' కాస్తా 'చెటు' అవుతుంది, లేదా ఒత్తు రెండు ముక్కలై 'చెటుటు' అవుతుంది.

అందుకు బొమ్మ కారు తీస్తారు. బల్ల మీద సుద్దముక్కతో గీత గీసి, 'చె' అంటూ కారు కదిలించి, 'ట్' దగ్గర ఆపి, 'టు' అంటూ మళ్లీ కదిలిస్తారు. కారు ఆగినంతసేపూ నాలుక కదలకూడదు. 'పాడు'కు కారు దూరం పోతుంది, 'పడు'కు కొంచెమే. ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలని మనం వేళ్ల మీద లెక్కపెట్టే విద్యే ఇది. ఇక్కడ కారుతో లెక్కపెడుతున్నారు.

ఇక ఊపిరి. వినికిడి లోపం తీవ్రంగా ఉన్నవాళ్లు చాలామంది ఒక ఊపిరికి కొన్ని అక్షరాలే పలికి, మాట మధ్యలో మళ్లీ గాలి తీసుకుంటారు. దానికి తోడు వాక్యం చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది, ఆ క్రియ చివరి అక్షరంలో ఎవరు చేశారన్నది ఉంటుంది. వచ్చాను, వచ్చాడు, వచ్చింది. ఆ 'ను', 'డు', 'ది' ఊపిరందక మింగేస్తే, మాటలన్నీ స్పష్టంగా ఉన్నా వచ్చిందెవరో తెలియదు. అందుకే మంచి థెరపిస్టు వాక్యాన్ని మొదటినుంచి కాక చివరినుంచి పేరుస్తారు. ముందు 'వచ్చాడు'. దానికి ముందు 'ఇంటికి' చేర్చి 'ఇంటికి వచ్చాడు'. దానికి ముందు 'తాత' చేర్చి 'తాత ఇంటికి వచ్చాడు'. ఒకే ఊపిరిలో, చివరి అక్షరం గట్టిగా నిలిచేలా.

మన భాష కొన్నిచోట్ల సాయం కూడా చేస్తుంది. ప్రశ్నను గొంతు ఎత్తు ఒక్కదానితోనే తెలిపే భాషల్లో, గొంతు ఎత్తుపల్లాలు వినపడని పిల్లకు ప్రశ్నించడమే కష్టం. తెలుగులో చివర 'ఆ' తగిలిస్తే చాలు. 'వచ్చాడు' చెప్పడం, 'వచ్చాడా' అడగడం. గొంతు ఎక్కడా లేవకపోయినా ప్రశ్న ప్రశ్నగానే అందుతుంది. మనవాళ్ల మాటలు చాలావరకు అచ్చుతో ముగియడం కూడా మేలే చేస్తుంది. ఇంగ్లిషు నేర్చే బధిర పిల్లల్లో తరచుగా కనిపించే చివరి హల్లు మింగేసే ఇబ్బంది మన పిల్లలకు అంతగా ఎదురుకాదు.

దిద్దకుండా వదిలే తప్పులు

ఒక పిల్ల 'ళ'ను 'ల' అంటుంది, 'భ'ను 'బ' అంటుంది, 'క'ను 'త' అంటుంది, దీర్ఘాలు తప్పుతుంది. ఏది ముందు? పాత చొక్కా ఇస్తే మంచి దర్జీ దాన్నంతా విప్పడు. ఏ ఒక్క కుట్టు వదిలితే భుజం సరిగ్గా కూర్చుంటుందో చూస్తాడు. ఇక్కడా అంతే. 'కళ' చోట 'కల' అంటే ముందువెనకల మాటలను బట్టి తెలిసిపోతుంది. 'భాష'ను 'బాష' అనేవాళ్లు మనలో బోలెడుమంది. చెవులు బాగా వినపడే మనమే వదిలేసిన ఒత్తు కోసం ఆ పిల్లను ఏడిపించడం అన్యాయం. అదే 'క'ను 'త' అంటే వందల మాటలు తలకిందులవుతాయి. దీర్ఘం తప్పితే అంతకన్నా ఎక్కువ. కాబట్టి దీర్ఘాలు, 'క' ముందు. 'భ', 'ళ' తర్వాత, వీలైతే.

ఈ లెక్కకు ఒక్క మినహాయింపు ఉంటుంది. పిల్ల సొంత పేరు. అందులో 'శ్ర' ఉన్నా, 'క్ష' ఉన్నా, ఎంత కష్టమైనా దాన్ని ముందుకు తెస్తారు. తన పేరు తాను చెప్పుకోలేని మనిషికి మిగతా మాటలతో ధైర్యం రాదు.

ఒక్క చోట పట్టుకుని నాలుగు చోట్ల మార్పు తేవడం పెద్దవాళ్ల చికిత్సలోనూ ఉంది. పార్కిన్సన్స్ జబ్బుతో గొంతు సన్నబడి, మాట గొణుగుడుగా మారినవాళ్ల కోసం అమెరికాలో లొరెయిన్ రామిగ్, ఆమె సహచరులు ఒక పద్ధతి తయారుచేశారు. ఆ జబ్బుతో బాధపడిన లీ సిల్వర్‌మాన్ అనే ఆమె పేరు దానికి పెట్టారు. నాలుగు వారాల్లో 16 సార్లు చేసే ఆ చికిత్సలో రోగికి ఇచ్చే సూచన ఒకటే: గట్టిగా మాట్లాడండి. పెదవుల గురించి చెప్పరు, నాలుక గురించి చెప్పరు. గొంతు పెంచబోతే ఊపిరి దానంతటదే నిండుతుంది, నోరు దానంతటదే తెరుచుకుంటుంది, అక్షరాలు తేటపడతాయి. పది సూచనలిస్తే ఒక్కటీ గుర్తుండని మనిషికి సరైన సూచన ఒక్కటి వెతికి ఇవ్వడం ఆ పద్ధతి గొప్పతనం.

తమ చెవిని నమ్మని పనివాళ్లు

పని ఎంతవరకు వచ్చిందో ఎలా తెలుస్తుంది? రోజూ వినే థెరపిస్టుకు పిల్ల మాట అలవాటైపోతుంది. 'తాతి' అన్నా కాకి అనే వినపడుతుంది. అమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే పిల్ల మాటలు రికార్డు చేసి, ఆ పిల్లను ఎరగని వాళ్లకు వినిపించి, విన్నది రాయమంటారు. రాసిన దాంట్లో సరిపోయిన మాటలెన్నో లెక్క వేస్తారు. తన చెవిని తానే పక్కన పెట్టగలగడం ఏ వృత్తిలోనైనా అరుదైన నిజాయితీ.

ఇంప్లాంట్ పిల్లల కోసం ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో తయారైన అయిదు మెట్ల కొలత ఒకటుంది. అడుగు మెట్టు మీద ఇంకా గుర్తుపట్టదగిన మాటలు ఉండవు. మూడో మెట్టు మీద పిల్ల పెదవులు చూస్తూ శ్రద్ధగా వింటే అర్థమవుతుంది. అయిదో మెట్టు మీద ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఇంకోటి 2012లో షారిన్ మెక్‌లియడ్, ఆమె సహచరులు వెలువరించిన ప్రశ్నావళి. అందులో ఉన్నవి ఏడే ప్రశ్నలు. మీ పిల్ల మాట మీకు అర్థమవుతుందా? ఇంట్లోవాళ్లకు? బంధువులకు? పిల్ల స్నేహితులకు? తెలిసినవాళ్లకు? టీచర్లకు? ముక్కూమొహం తెలియనివాళ్లకు? ప్రతిదానికీ 'ఎప్పుడూ' నుంచి 'ఎన్నడూ లేదు' దాకా అయిదు జవాబులు. పరికరాలేవీ అక్కర్లేదు. మాట ఇంటినుంచి వీధిలోకి ఎంత దూరం నడిచిందో ఆ ఏడు ప్రశ్నలే చెబుతాయి.

వినేవాళ్ల వంతు

ఈ విద్య చరిత్రలో ఒక చీకటి కోణం ఉంది, అది చెప్పకుండా మెచ్చుకోవడం సరికాదు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ నోటిమాటే మేలని తీర్మానించింది. ఆ తర్వాత ఎన్నో దేశాల బడుల్లో సంజ్ఞాభాషను వెలివేశారు. పిల్లలు చేతులతో మాట్లాడుకోవడమే నేరమైంది. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన మహాసభ ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపింది. మన దేశంలో భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది. నోటిమాట ఒక పనిముట్టు, మనిషి విలువకు కొలబద్ద కాదు. ఈ వృత్తిలో మంచివాళ్లకు ఆ ఎరుక ఉంటుంది.

పైగా మాట అందడమన్నది పలికేవాళ్ల ఒక్కరి పని కాదు. మాట్లాడేవాళ్లు స్పష్టంగా చెప్పాలని పూనుకుంటే ఎంత తేడా వస్తుందో 1985లో అమెరికాలో పిచెనీ, డర్లాక్, బ్రైడా కొలిచి చూపించారు. మామూలుగా గబగబా చెప్పిన వాక్యాల కన్నా, అదే మనిషి తేటగా చెప్పిన వాక్యాలు వినికిడి లోపం ఉన్నవాళ్లకు సగటున 17 శాతం పాయింట్లు ఎక్కువగా అందాయి. ఏ యంత్రమూ మార్చలేదు, మాట్లాడేవాళ్ల తీరు మాత్రమే మారింది. దూరం సంగతి కూడా అంతే. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైతే ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. అంటే వంటింట్లోంచి కేకెయ్యడం కన్నా పక్కకొచ్చి మామూలుగా చెప్పడం మేలు. ఫ్యాను, టీవీ కాసేపు కట్టేస్తే ఇంకా మేలు.

ఇంట్లో పసిపిల్ల ఉంటే నెలలోపు వినికిడి పరీక్ష, లోపం అనుమానముంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు యంత్రమూ శిక్షణా మొదలవ్వాలన్నది నిపుణులు విస్తృతంగా ఒప్పుకున్న గడువు. తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకంలో పిల్లల కాక్లియర్ ఇంప్లాంట్‌కు చోటుంది. ఆపరేషన్‌తో పని సగం కూడా అవ్వదు, ఆ తర్వాతి థెరపీ మానకూడదు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ విద్యను నేర్పుతున్న చోట్లు. మీ ఊళ్లో థెరపిస్టును ఎంచుకునేటప్పుడు భారతీయ పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడగడం తప్పు కాదు.

ఇక మనందరికీ ఒక మనవి. మాట కాస్త వేరుగా ఉన్న మనిషి మీతో ఏదైనా చెబితే, అర్థం కాకపోయినా అయినట్టు తల ఊపి పంపించేయకండి. అందిన ముక్కను తిరిగి చెప్పి, అందని ముక్కను మాత్రం మళ్లీ అడగండి. 'రేపు ఎక్కడికో వెళ్తున్నానన్నారు, ఎక్కడికి?' అని అడిగితే, అవతలి మనిషి మొత్తం మొదటినుంచి చెప్పాల్సిన పని ఉండదు, ఆ ఒక్క మాట మరింత శ్రద్ధగా చెబుతారు. అంత పనితనంతో మన దాకా తెచ్చిన మాటను అందుకోవడం మన వంతు.